జబ్బుకోడిని సంతకు పంపరాదు

మన గ్రామములలో ఎద్దు మేత మానినచో ఇంటిల్లిపాదికిని నిద్రపట్టదు. గేదె పాలు తగ్గినచో ఆ పూటనే పశువైద్యశాలకు కబురు పోవును. పెరటిలోని కోడిపుంజు ఱెక్కలు వాల్చి మూల చేరినప్పుడు మాత్రము మనకు రెండే మార్గములు తోచుచున్నవి. అది చావకముందే కోసి కూర వండుకొనుట యొకటి. అది నిలువగలిగియుండగనే కాళ్ళు కట్టి సంతకు చేర్చుట మఱియొకటి. మూడవ మార్గము కలదనియు, అదియే లాభమును ధర్మమును గూడ కాపాడుననియు సభ్యులకు మనవి చేయుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. జబ్బుచేసిన కోడిని ఇల్లు దాటనీయరాదు. దాని రోగమేదో కనిపెట్టి తగిన ఉపచారము చేయవలెను. ఊరిలోని ఆరోగ్యముగల కోళ్ళకన్నిటికిని ఒకే దినమున టీకా వేయించవలెను. ఈ కడపటి పని ఒక్కొక్క రైతు వలన కానిది గనుక సహకారసంఘమే దానికి పూనుకొనవలెను.

ఒక్క కోడికి ఇంత విచారమేల యని కొందఱనవచ్చును. 2019 సంవత్సరపు పశుగణనలో మన దేశమున 85 కోట్లకు పైగా కోళ్ళు మొదలగు పెంపుడు పక్షులు లెక్కకు వచ్చినవి. అందు సుమారు 31 కోట్ల 70 లక్షలు పెరటి పక్షులే. 2012 నాటి గణనతో పోల్చి చూడగా పెరటి పక్షులు నూటికి నలువదియైదుకు పైగా పెరిగినవి. ఇవి పెద్ద షెడ్లలోనివి కావు. మన ఆడవారు నూకలు చల్లి పెంచినవి. పంట డబ్బు బాకీలకు పోవును. పాల డబ్బు దాణాకు పోవును. కోడి డబ్బే ఇల్లాలి చేతిలో నిలుచును. పిల్లవాని పుస్తకములును, చుట్టము వచ్చిననాటి ఖర్చును ఆ డబ్బుతోనే గడచుచున్నవి. గండిపేట, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములకు నగరము పొలిమేర వఱకు వచ్చియున్నది. నాటుకోడికి అచ్చట గిరాకి మెండు. ఇట్టి వేళ ఒక్క తెగులు వచ్చి పదిదినములలో పెరడంతయు ఖాళీ చేసిపోవుట చిన్న నష్టము కాదు.

పుంజును గూర్చి మనవారికి తెలియనిది లేదు. డేగ, కాకి, నెమలి యని రంగునుబట్టి పేరు పెట్టుదురు. ఏ రంగు పుంజు ఏ దినమున గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమే పుట్టినది. కాని అదే పుంజు రెట్ట ఏ రంగున నున్నదో చూచువారు అరుదు. రోగమును తెలుపునది ఈక రంగు కాదు. రెట్ట రంగు, జుట్టు రంగు, ఊపిరి తీరు.

జబ్బుకోడిని పరీక్షించునప్పుడు మొదట పట్టుకొనరాదు. పది అడుగుల దూరమున నిలిచి చూడవలెను. కోడి తన బలహీనతను దాచుకొను స్వభావము గలది. మనిషి దగ్గఱకు రాగానే తల యెత్తి చుఱుకుగా నున్నట్లు నటించును. దూరమునుండి చూచినచో అసలు స్థితి బయటపడును. ఈకలు ఉబ్బించి ముడుచుకొని కూర్చున్నదా? తోక వాలినదా? ఎండలో లేకున్నను నోరు తెఱచి రొప్పుచున్నదా? ఊపిరితో పాటు గురకయు వినిపించుచున్నదా? మెడ ఒక ప్రక్కకు తిరుగుచున్నదా? కాలు ఈడ్చుచున్నదా? మిగిలిన కోళ్ళు మేతకు పరుగెత్తినప్పుడు ఇది కదలినదా? ఈ ప్రశ్నలకు జవాబులు మనస్సున నుంచుకొని పిమ్మట పట్టుకొనవలెను.

చేతికి తీసికొనిన తరువాత తలనుండి కాలి వఱకు క్రమముగా చూడవలెను. జుట్టును తమ్మెలును ఎఱ్ఱగా నుండుట ఆరోగ్యలక్షణము. అవి తెల్లబాఱినచో ఒంట రక్తము తగ్గినదని అర్థము. పురుగులో, పిడుదులో కారణమై యుండవచ్చును. నల్లగానో నీలముగానో మాఱినచో ప్రమాదము దగ్గఱలో నున్నది. కండ్లలో నురుగు, ముక్కున చీమిడి, మొగమున వాపు గలవేమో చూడవలెను. నోరు తెఱచి లోపల తెల్లని పొరలున్నవేమో గమనింపవలెను. మెడక్రింది మేతసంచిని తెల్లవాఱుజామున తడవి చూడవలెను; రాత్రి గడచినను అది గట్టిగా నిండియున్నచో మేత దిగుట లేదు; మెత్తగా నీళ్ళసంచివలె నుండి పుల్లని వాసన వచ్చినచో లోపల పులిసినది. రొమ్ము ఎముక కత్తివలె చేతికి తగిలినచో రోగము నేటిది కాదు, వారముల నాటిది. కాలి పొలుసులు లేచియున్నచో గజ్జి పురుగు. అరికాలున నల్లని పక్కు గట్టి వాచినచో ముల్లు గుచ్చుకొని చీము పట్టినది.

ఒక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను. చేతికి వేడిగా తగిలినంత మాత్రమున కోడికి జ్వరమని తలపరాదు. మనుష్యుని ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలైనచో ఆరోగ్యముగల కోడి వేడి 41 మొదలు 42 డిగ్రీల వఱకు ఉండును.

ఇక రెట్ట. మంచి రెట్ట గోధుమరంగుననో బూడిదరంగుననో ముద్దగా నుండి, పైన తెల్లని టోపీవలె నుండును. అప్పుడప్పుడు జిగటగా నుండు చాక్లెట్టు రంగు రెట్టయు వేయును. అది రోగము కాదు. ఆకుపచ్చని నీళ్ళవిరేచనమైనచో జాగ్రత్త వహింపవలెను. మేత తినని కోడికిని, కొక్కెర తెగులు సోకిన కోడికిని అట్లే యగును. రక్తము కలిసి పడినచో, అందును మూడు మొదలు ఎనిమిది వారముల పిల్లలలో, అది రక్తపాఱుడు జబ్బు కావచ్చును, దానికి మందు కలదు, ఆలస్యము చేయరాదు.

ఈ లక్షణములనుబట్టి మన ప్రాంతపు ముఖ్యరోగములను వేఱుపఱచి చూతము. అన్నిటికంటె ఘోరమైనది కొక్కెర తెగులు. దీనిని వైద్యులు రాణిఖేతు వ్యాధి యందురు. 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణ ప్రాంతమునను గుర్తింపబడిన ఈ వ్యాధి మఱుసటి యేట కుమాయూను కొండలలోని రాణిఖేతున కనిపించెను. మన దేశమున దానికా పేరే నిలిచినది. పచ్చనివో తెల్లనివో నీళ్ళవిరేచనములు, నోరు తెఱచి గాలికై తన్నుకొనుట, పిమ్మట మెడ మెలితిరుగుట, కాళ్ళు ఱెక్కలు పడిపోవుట దీని గుర్తులు. బ్రతికి బయటపడిన కోళ్ళలో కొన్నిటికి మెడ వంకర అట్లే నిలిచిపోవును. ఇది వైరసు వలన వచ్చునది. దీనికి మందు లేదు. ఎన్ని గుళికలు మ్రింగించినను వ్యర్థమే. టీకాయే దీనికి అడ్డుకట్ట.

రెండవది కోళ్ళ మశూచి. జుట్టు మీదను, కండ్ల చుట్టును పులిపిరులవంటి పొక్కులు లేచి పక్కులు కట్టును. దోమలు దీనిని వ్యాపింపజేయును. కండ్లు మూసికొనిపోయి మేత కానక చచ్చు కోళ్ళే యెక్కువ గనుక నోటి దగ్గఱకు మేతనీరు చేర్చినచో పెక్కు బ్రతుకును. నోటిలోను గొంతులోను పొరలు గట్టిన కోడికి మాత్రము అపాయము హెచ్చు. పక్కులను గిల్లరాదు, వానియందే రోగబీజముండును.

మూడవది కోళ్ళ కలరా. పైకి బాగుగానున్న పుంజు తెల్లవాఱుసరికి జుట్టు నల్లబడి చచ్చిపడియుండును; నిదానముగా వచ్చినచో తమ్మెలు వాచి బరువెక్కును. ఇది బాక్టీరియా వలన కలుగునది గనుక సకాలమున పశువైద్యుడు మందిచ్చినచో ఫలముండును. రోగబీజమును ప్రయోగశాలలో బలహీనపఱచి టీకాగా వాడవచ్చునని లూయీ పాస్టరు 1880 ప్రాంతమున నిరూపించినది ఈ కోళ్ళ కలరా పైననే. ఆ పిమ్మటనే పిచ్చికుక్క కాటుకు ఆయన టీకా కనుగొనెను. మనుష్యజాతికి కోడి చేసిన ఉపకారములలో ఇదియు నొకటి.

నాలుగవది రోగమని చెప్పదగనిది, కాని ప్రాణము తీయునది – కోడి పిడుదు. పగలు కోడిని పరీక్షించినచో పెద్ద పిడుదులు కానరావు. అవి నల్లులవలె గూటి సందులలో దాగి రాత్రి వచ్చి రక్తము త్రాగి తెల్లవాఱకముందే మఱలిపోవును. జుట్టు తెల్లబాఱి, మందులు వేసినను నానాటికి కృశించు పుంజును చూచినచో రాత్రి దీపము తీసికొని గూటిలో వెదకవలెను. ఈ పిడుదు మేత లేకయే సంవత్సరములు బ్రతుకగలదు. కావున గూడు ఖాళీ చేసినంత మాత్రమున చావదు. సందులు పూడ్చి, సున్నము కొట్టి, పశువైద్యుడు చెప్పిన మందు చల్లవలెను. ఇట్టి సందర్భమున చికిత్స కోడికి కాదు, గూటికి.

రోగము తేలునంతవఱకు చేయవలసిన ఉపచారము సులభమైనది. జబ్బు పుంజును తక్షణమే వేఱుచేసి, గాలివాటము లేని నీడపట్టున గంపక్రింద నుంచవలెను. క్రింద పొడిగడ్డియో బూడిదయో పఱచి ప్రతిదినమును మార్చవలెను. శుభ్రమైన నీటిలో కొంచెము బెల్లమును, చిటికెడు ఉప్పును కలిపి మట్టిపాత్రలో నుంచవలెను. మెత్తగా ఉడికిన నూకలో, జొన్నసంకటియో కొద్దికొద్దిగా పెట్టవలెను. ముందు ఆరోగ్యముగల కోళ్ళకు మేతనీరు పెట్టి, కడపట జబ్బుకోడి దగ్గఱకు పోవలెను. ఈ వరుస తలక్రిందులైనచో మన చేతులే రోగమును మోసికొనిపోవును. పిమ్మట సబ్బుతో చేతులు కడుగకున్నచో, కొక్కెర తెగులు గల కోడిని ముట్టిన చేతితో కన్ను నులిమినందున మనకే కన్నెఱ్ఱబడును.

చేయరాని పనులును కలవు. పుంజు నోరు తెఱచి నీళ్ళు గుమ్మరింపరాదు. కోడికి ఊపిరిగొట్టపు రంధ్రము నాలుక మొదటనే యుండును. పోసిన నీరు కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోయి, రోగముచే చావని కోడి వైద్యముచే చచ్చును. ఇంటిలో మిగిలిన మనుష్యుల గుళికలను పొడిచేసి పెట్టరాదు. వైరసు తెగులుకు ఆ మందులు పనిచేయవు. పైగా మందు తినిన కోడి మాంసమున దాని అంశములు మిగిలి మన కడుపునకే చేరును. రోగమేదో తెలియక కోళ్ళు వరుసగా చచ్చుచున్నచో, వెంటనే పశువైద్యశాలకు కబురుచేసి, వారు కోరినచో చచ్చిన కోడిని పాలిథీన్ సంచులలో మూసి మంచుతో పంపవలెను. కోసి చూచిననే గాని తేలని రోగములు చాల గలవు. గండిపేట వారికి రాజేంద్రనగరము ఎంతో దూరము కాదు. అచ్చట పశువైద్య కళాశాలయు, వనరాజ, గ్రామప్రియ జాతులను వృద్ధిచేసిన కోళ్ళ పరిశోధనాసంస్థయు గలవు. పొరుగున నింత విద్య యుండగా ఊహపై వైద్యము చేయుట తగదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చెదను. జబ్బుకోడిని కోసికొని తినినచో ఎవరికి నష్టమని అడుగువారున్నారు. కోసినవాడు ఈకలను, ప్రేవులను ఎచ్చట వేయును? పెంటపైననే గదా. పొరుగింటి కోళ్ళు అచ్చటనే గీరుకొని తినును. కొక్కెర తెగులు బీజము రెట్టలోను, ఈకలోను, పచ్చిమాంసములోను నిలిచియుండును. సంతకు పంపుట ఇంతకంటె కీడు. ఒక గంపలోని జబ్బుకోడి ప్రక్క గంపలను అంటించును. కొనినవారు వాటిని పది ఊళ్ళకు తీసికొనిపోవుదురు. రోగము సోకిన కోడి లక్షణములు చూపుటకు రెండు మొదలు పదునైదు దినములు పట్టవచ్చును గనుక సంతలో బాగుగ కనిపించినది ఇంటికి వచ్చి వారమునకు పడిపోవును. ఆషాఢమున బోనాలకు, పోచమ్మ మ్రొక్కులకు పుంజులు ఊరినుండి ఊరికి తిరుగు దినములలో ఈ భయము హెచ్చు. అమ్మవారికి మ్రొక్కినది ఆరోగ్యముగల పుంజునే గాని రోగమును కాదు. క్రొత్తగా కొన్న కోడిని మూడువారములు వేఱుగా నుంచి పిమ్మటనే మందలో కలుపుట ప్రతియింటను నియమము కావలెను.

చచ్చిన కోడిని వాగులో విసరివేయు అలవాటును గూడ మానవలెను. 1908 నాటి మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట కట్టబడి 1920లో పూర్తియైన గండిపేట చెఱువు నగరమునకు త్రాగునీరిచ్చినది. మన వాగులు పాఱునది దానిలోనికే. బావులకు, కాలువలకు దూరముగా మూడడుగులకు తక్కువ గాని లోతున గొయ్యి త్రవ్వి సున్నము చల్లి పూడ్చుట పావుగంట పని. కుక్కలు పెకలింపకుండ పైన రాళ్ళు పేర్చవలెను.

బర్డ్ ఫ్లూ వచ్చిన తరువాత ఈ జాగ్రత్త ప్రాణసమానమైనది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రములోని నవాపూరున మన దేశమున మొదటిసారి బయటపడిన ఆ వ్యాధి, 2015 ఏప్రిలులో మన రంగారెడ్డి జిల్లాలోనే హయత్ నగర్ మండలపు తొఱ్ఱూరున కనిపించెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళను పెద్దయెత్తున నశింపజేసెను. అది మనుష్యునికిని సోకవచ్చును. పైచూపునకు బర్డ్ ఫ్లూను, కొక్కెర తెగులును వేఱుపఱచుట వైద్యునికిని కష్టమే. నమూనాలు భోపాలులోని ప్రయోగశాలకు పోయి తేలవలసినదే. కావున ఒకటి రెండు దినములలో పలుకోళ్ళు జుట్టు నీలమై, తల వాచి చచ్చినచో వానిని ఉత్తచేతులతో ముట్టక, కోయక, దాచక వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. ఆరోగ్యముగల కోడి మాంసమును బాగుగ ఉడికించి తినుటకు భయము లేదు. జబ్బుకోడిని కోయు చేతికే భయము.

టీకా సంగతి. రాణిఖేతు వ్యాధికి నాటునట్టి ఆర్-2-బి అను టీకా 1940లలో హిమాలయములలోని ముక్తేశ్వరమున రూపొందినది. పిల్లలకు మొదటి వారమున కంటనో ముక్కుననో వేయు చుక్కలమందు వేఱుగా గలదు. ఆర్-2-బి తీవ్రమైనది గనుక ఆఱు మొదలు ఎనిమిది వారములు నిండిన కోళ్ళకే చర్మము క్రింద వేయుదురు. ఇది దుర్లభమైన వస్తువు కాదు. నగరమునందలి శాంతినగరములో ప్రభుత్వ సంస్థయే టీకాలు తయారుచేయుచున్నది. ఐనను పెరటికోళ్ళకు ఇది ఏల అందుట లేదు? కారణము స్పష్టము. ఒక్కొక్క సీసాలో నూఱు మోతాదులో, అంతకంటె హెచ్చో యుండును. దానిని మంచుపెట్టెలో తేవలెను. కలిపిన పిమ్మట రెండు గంటలలోపల వాడి ముగింపవలెను. ఆఱు కోళ్ళున్న ఇల్లాలు నూఱు మోతాదుల సీసాను ఏమి చేసికొనును? ఆమె అలక్ష్యమని నిందించుట అన్యాయము. సీసా ఒక ఇంటికి పెద్దది, ఊరికి సరిపోవునది. సహకారము పుట్టినదే ఇట్టి అవసరముల కొఱకు గదా!

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వేడికి కొంత ఓర్చుకొను చుక్కలటీకాను రూపొందింపగా, ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా దేశములలో ఊరివారికే శిక్షణ యిచ్చి, నియమిత దినములలో ఇంటింటికి పోయి కోళ్ళ కంటిలో చుక్కలు వేయించుచున్నారు. మనకంటె బీదవారైన ఆ పల్లెలవారు చేయగలిగినది మన సంఘములు చేయలేవా?

ఇచ్చట ఒక ఆక్షేపణను దాటరాదు. "జబ్బుకోడిని అమ్మవద్దందురు సరే, నష్టమెవరు భరింతురు?" అని ఊరూర తిరుగునప్పుడు నన్నడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనది. బీదవానిని ధర్మమాచరింపుమని చెప్పి నష్టమును వాని నెత్తినే పెట్టుట ఉపదేశము కాదు, కఠినత్వము. నా సూచన యిది. టీకా దినమున కోడికి రెండు రూపాయల చొప్పున సంఘము వసూలు చేయవలెను. ఊరిలో వేయి కోళ్ళున్నచో ఒక పర్యాయమునకు రెండువేల రూపాయలగును. టీకా వేయించిన కోడి జబ్బుపడినచో, ఆ దినమే సంఘమునకు తెలిపి, అమ్మక కోయక వేఱుగా నుంచిన సభ్యునికి, ఆ కోడి చచ్చినచో ధరలో సగము ఆ నిధినుండి ఇయ్యవలెను. తెగులు ఊరంతయు కమ్మినచో ఈ నిధి చాలదని నేనెఱుగుదును. దీని ఉద్దేశము ఊరి నష్టమును పూడ్చుట కాదు. మొదటి కోడి జబ్బును దాచకుండ చెప్పించుట. మొదటి కోడి సంగతి మొదటి దినమే తెలిసినచో రెండవ పెరటికి తెగులు ప్రాకకుండ కాపాడు అవకాశముండును. పదవ దినమున తెలిసినచో లక్ష రూపాయల నిధియున్నను పనికిరాదు.

కావున వచ్చు సమావేశమున ప్రతి సంఘమును మూడు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాను. ఒకటి, పశువైద్యునితో సంప్రతించి వేసవికి ముందు టీకా దినమును నిర్ణయించి చాటింపు వేయించుట. కోళ్ళు గూట నుండు తెల్లవాఱుజామే దానికి తగిన వేళ. రెండు, టీకాదార్లకు సాయపడుటకై ప్రతి వాడకు ఒక స్త్రీ సభ్యురాలిని ఎన్నుకొనుట. కోళ్ళ లెక్క మగవారికంటె వారికే తెలియును. మూడు, పైన చెప్పిన నిధిని ఒక సంవత్సరమైనను నడపి చూచుట. జబ్బుగానున్న కోళ్ళకు ఆనాడు టీకా వేయింపరాదని మాత్రము మఱవరాదు.

కోడిపుంజు కూసి ఊరంతటిని నిద్రలేపును గాని తన రోగమును తాను చెప్పుకొనలేదు. దానిని చూచి చెప్పవలసినవారము మనము. చెప్పినవానికి నష్టము రాకుండ చూడవలసినది సంఘము.